రసీదు లేని శనగలు

ఎరువు కొనకుండా పండింది పంటే కాదని కొనుగోలు శాఖవారి యాప్ ఈ మధ్యనే తేల్చిపారేసింది. యూరియా పుట్టకముందు గింజలు తిని బతికిన కోట్లమంది మరి ఏం తిన్నట్టో వాళ్ల ఆత్మలే చెప్పాలి. (ఆత్మలకి లాగిన్ ఇవ్వలేదు.)

ఈ తీర్పు వెలువడిన వారంలోనే శనగలాయన తన బస్తాలన్నీ ట్రాక్టర్‌కెత్తించుకుని కొనుగోలు కేంద్రానికి వచ్చాడు. తాత వేసింది శనగ, తండ్రి వేసింది శనగ, ఈయన వేసేదీ శనగే కాబట్టి ఆయన్ని ఇంకో పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

గుమాస్తా ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు గింజలు తీసి, పొట్టు ఊది, నాలుగు నోట్లో వేసుకున్నాడు.

"గింజ బ్రహ్మాండం బాబాయ్. బాగా ఎండింది కూడా. యూరియా రసీదు నంబరు చెప్పు."

"యూరియా వెయ్యలేదు నాయనా."

"ఎంత వెయ్యలేదు?"

"అసలు వెయ్యలేదు."

గుమాస్తా నమలడం ఆపాడు. తెర మీద ఎర్రచుక్క పెట్టిన గడి ఒకటుంది. అది నిండితే గానీ కింది గడి తెరుచుకోదు. సున్నా కొట్టి చూశాడు. "దయచేసి నిజం చెప్పండి" అంది యాప్.

"శనగకి యూరియా ఎందుకయ్యా? వేళ్లకి బుడిపెలుంటాయి. వాటిల్లో సూక్ష్మజీవులుండి, గాల్లో నత్రజనిని పట్టి మొక్కకి పెడతాయి."

"నాకు తెలుసు బాబాయ్, నేను చదివిందే అది. పైన మా ఆఫీసరుకీ తెలుసు, ఆయన దాని మీద పుస్తకమే రాశాడు. యాప్‌కి తెలీదు."

"మరి చెప్పొచ్చుగా దానికి?"

"అది వినదు. అది మనం వినడానికి పెట్టింది."

"పోనీ దాణా కింద రాయి. మనుషులు కాకపోతే పశువులన్నా తింటాయి."

"దాణా అయితే మాంసకృత్తుల శాతం రాయాలి. మాంసకృత్తులున్నాయంటే నత్రజని ఉన్నట్టే. నత్రజని ఉందంటే ఎక్కడ కొన్నావంటుంది. తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాం."

బస్తాలు ఇంటిదారి పట్టాయి. గుమ్మంలో నిలబడ్డ భార్య వాటిని, ఆయన్ని మార్చి మార్చి చూసింది.

"ఏంటండీ, బస్తాలకి ఊరు చూపించి తీసుకొచ్చారా?"

"ఇవి శనగలు కావట."

"మరేంటట?"

"ఇంకా తేలలేదు."

"తేలేలోపు పుచ్చిపోతాయి." ఆమె ఒక బస్తాకి చెవి ఆనించి వింది. నిల్వ గింజలో పురుగు పడిందంటే ఆగదు. గింజకో బెజ్జం పెట్టి, అడుగున పొడి మిగిల్చి పోతుంది. ఏడాది కష్టమంతా ఆ నడవాలోనే పేర్చి ఉంది. "ఒక్క యూరియా బస్తా కొని పారేద్దురూ, పీడా పోతుంది."

"కోతయ్యాక కొంటే తేదీ ఒప్పుకోదట. అడిగాను." (అడగలేదు. అది పౌరుషానికి సంబంధించిన విషయం.)

ఆయన అర్జీ పెట్టాడు. అది బల్లలన్నీ తిరిగి నత్రజని ఆచూకీ విభాగానికి చేరింది. లెక్కకు రాని నత్రజనిని వెతికి పట్టుకోవడం ఈ విభాగం బాధ్యత. పెట్టినప్పటి నుంచీ దొరికిన మొదటి కేసు ఇదే కావడంతో ఆఫీసులో కొత్త కర్టెన్లు కట్టారు.

విచారణకి వచ్చిన మేడమ్ పొలంలో మిగిలిన మోళ్లు పెరికించి, వేళ్లని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"ఇవేంటి?"

"బుడిపెలు మేడమ్. ఎరువు వాటిల్లోనే తయారవుతుంది."

"తయారవుతుందా?" ఆమె కలం మూత తీసింది. "ఆ మాట ఇంకోసారి చెప్పండి."

చెప్పాడు. అక్కడ నోరు జారాడు.

ఎరువు తయారయ్యే చోటు కర్మాగారమని చట్టంలో ఉంది. కాబట్టి శనగలాయన లైసెన్సు లేకుండా ఎరువుల కర్మాగారం నడుపుతున్నట్టు తేలింది. ముడిసరుకు గాలి (ఉమ్మడి ఆస్తి). కార్మికులు సూక్ష్మజీవులు (హాజరు పట్టీ లేదు, వారపు సెలవు ఇచ్చిన దాఖలా లేదు). అయితే మేడమ్ మంచి మనిషి. శిక్ష జోలికి పోకుండా లైసెన్సే ఇప్పించింది. అందుకోసం ఆయన గట్టున ఇసుక బకెట్లు వేలాడదీశాడు, "పొగ తాగరాదు" అని బోర్డు పాతాడు, కార్మికులకి మంచినీళ్ల కుండ పెట్టాడు. ఆ నీళ్లు కాకులు తాగేవి. విభాగంవారు దాన్ని సంక్షేమం పద్దులో రాసుకున్నారు.

లైసెన్సు చేతికి రాగానే బస్తాలు మళ్లీ ట్రాక్టరెక్కాయి. ఈసారి భార్య కూడా ఎక్కింది. గుమాస్తా రసీదు గడిలో లైసెన్సు నంబరు కొట్టాడో లేదో తెర పచ్చబడింది.

"తెరుచుకుంది బాబాయ్!"

"శనగలని వచ్చిందా?"

"అబ్బే. నువ్విప్పుడు తయారీదారువి. తయారీదారు తెచ్చింది ఎరువే అవుతుంది. ఎరువు కింద మొత్తం తీసేసుకుంటాం, ఇప్పుడే."

"తినే గింజయ్యా! మట్టిలో కలుపుతారా?"

గుమాస్తా కంప్యూటర్ వైపు చూశాడు. తెర పచ్చగానే ఉంది. భార్యే అంది:

"ఇంట్లో ఉంచితే పురుగు తింటుంది, ఇక్కడిస్తే మట్టి తింటుంది. మనుషుల వంతు ఎలాగూ రాలేదు. వెయ్యండి వేలిముద్ర."

వేశాడు. బస్తా బస్తాకీ "ఎరువు. తినరాదు. పిల్లలకు అందకుండా ఉంచవలెను" అని ముద్ర పడింది. గుమాస్తా అలవాటుకొద్దీ నాలుగు గింజలు నోట్లో వేసుకోబోయి, ముద్ర చూసి, జేబులో వేసుకున్నాడు.

డబ్బు వచ్చింది. శనగలాయన మాత్రం చాలా రోజులు కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండానే లేచిపోయేవాడు.

తర్వాత ఎరువుల నాణ్యతా పరీక్షాశాల నుంచి నోటీసు వచ్చింది. కళ్లజోడు భార్యకే ఉంది కాబట్టి ఆమే చదివింది.

"తమరు తయారుచేసి అమ్మిన ఎరువులో ఎరువు లేశమాత్రం లేదు. బస్తాల్లో ఉన్నవి నూటికి నూరు పాళ్లూ మేలురకం శనగలేనని ముగ్గురు శాస్త్రవేత్తలు నిర్ధారించి సంతకాలు చేశారు. ఎరువును శనగలతో కల్తీ చేసినందుకు తమరిపై కేసు నమోదైనది."

"ఆ ముక్క మళ్లీ చదువు," అన్నాడు శనగలాయన.

"ఏది, కేసు సంగతా?"

"కాదు. మేలురకం శనగలే అన్నది."

ఆమె గొంతు పెంచి, పక్కింటికి వినబడేలా చదివింది. ఆర్నెల్ల జైలు సంగతి ఆ కింది వాక్యంలోనే ఉంది గానీ, ఆ పూట ఇద్దరూ అంతదూరం వెళ్లలేదు.