హార్న్‌బెక్ బడిలో తప్పనిసరి ప్రార్థన

"ఇకమీదట ఇంగ్లండులోని ఏ ప్రభుత్వ బడిలోనూ దేవుణ్ణి తలచుకోకుండా తెల్లవారడానికి వీల్లేదు!" అని బడుల మంత్రి గాడ్‌ఫ్రీ పిల్‌బీమ్ గారు ప్రకటించారు. బడుల్లో రోజూ సామూహిక ప్రార్థన జరగాలన్న చట్టం మాకు ఎనభై ఏళ్లుగా ఉంది. ఉన్న చట్టాన్ని మళ్లీ కనిపెట్టడం మామూలు మేధావులకు సాధ్యమయ్యే పని కాదు.

ఆ మహాకార్యానికి ఆయన తన నియోజకవర్గంలోని మా హార్న్‌బెక్ ప్రైమరీ స్కూలును ఎంచుకున్నారు. ఇరవై రెండేళ్లుగా నేనక్కడ కేర్‌టేకర్‌ని. బాయిలరు, బెంచీలు, మూసుకుపోయిన మరుగుదొడ్లు నా శాఖలు. కనుక జరిగినదంతా దగ్గరుండి చూసే భాగ్యం దక్కింది.

ముందు తనిఖీ జరిగింది.

"పొద్దున్నే పిల్లలతో ఏం చేయిస్తారమ్మా?" అని మంత్రిగారు హెడ్‌మిస్ట్రెస్ ఏక్‌రాయిడ్ మేడమ్‌ని అడిగారు.

"అసెంబ్లీ అండీ. ఎవరి పుట్టినరోజు, ఎవరి గ్లవ్స్ పోయాయి, అవన్నీ చెప్పుకుంటాం. తర్వాత ఎవరింట్లో ఏం కష్టముందో పిల్లలే చెప్తారు. ఆ మనిషి కోసం రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటాం. రోడ్డు దాటించే విల్ఫ్ తాతకి పక్షవాతం వస్తే నెల్లాళ్లూ ఆయన కోసమే కూర్చున్నారు."

"ఇందులో దేవుడెక్కడ?"

"అది పిల్లల్ని అడగాలండీ. నేనెప్పుడూ అడగలేదు."

"అయితే అది ప్రార్థన కాదు," అని మంత్రిగారు తేల్చేశారు. అక్కడికక్కడే ఒక మెమో ఇచ్చి, వచ్చే సోమవారం తానే వచ్చి ప్రార్థన చేసి చూపిస్తానన్నారు. అప్పటికీ దారికి రాకపోతే చర్య తప్పదన్నారు.

మేడమ్‌కి జులైలో రిటైర్మెంటు. చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆ మెమో చూస్తూ కూర్చుంది. "ముప్పై ఒక్క ఏళ్లు చేశాను లెన్. ఒక్క మెమో లేదు," అంది. నేను రేడియేటర్ తుడిచాను.

తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి. ప్రార్థన తప్పనిసరి అని మొదటి పేరా. ఇష్టం లేనివాళ్లు పిల్లల్ని మానిపించుకోవచ్చని, చట్టప్రకారం, రెండో పేరా.

మందుల షాపు హుస్సేన్ గేటు దగ్గర నన్ను ఆపాడు. "దీని అర్థమేంటి లెన్?"

"రావడం తప్పనిసరి. రాకపోవడం మీ ఇష్టం."

"ప్రార్థనేగా, చేసుకోనీ. మా పిల్లలకి అలవాటే. తొమ్మిదిన్నరకల్లా వదిలేయమను, లెక్కల క్లాసు పోకుండా."

పిల్లల్ని పంపనని రాసింది ఊరు మొత్తంలో ఒక్కరే. మా చర్చి పాస్టరమ్మ ఫిలిప్పా. ఆమె కవలలు మూడో క్లాసు. ఏర్పాట్లు చూడ్డానికొచ్చిన మంత్రిగారు స్కూలు ఆఫీసు నుంచే ఫోన్ చేశారు.

"మీ గిరాకీ పెంచుతుంటే మీరే అడ్డం తిరిగితే ఎలాగమ్మా?"

"ఆదివారం నా దగ్గరికి పద్నాలుగు మంది వస్తారండీ," ఆమె గొంతు గదంతా వినిపించింది. "అందులో ఇద్దరు హీటర్ కోసం వస్తారు. అయినా ఎవర్నీ చెయ్యి పట్టి లాక్కురాలేదు. ఏనాడూ రాని మిమ్మల్ని మాత్రం లాక్కొచ్చానా?"

సరిగ్గా అప్పుడే మంత్రిగారికి సిగ్నల్ పోయింది. ల్యాండ్‌లైన్‌లో సిగ్నల్ పోవడం నేను మొదటిసారి చూశాను.

సోమవారం హాలు నిండా రెండువందల పన్నెండు మంది పిల్లలు, టీవీ వాళ్లు. మంత్రిగారు కళ్లు మూసుకుని దేశం కోసం, ఎగుమతుల కోసం, ఆగిపోయిన మా బైపాస్ రోడ్డు కోసం ప్రార్థించారు. ఆయన గుక్క తిప్పుకున్నప్పుడల్లా పిల్లలు "ఆమెన్!" అని అరిచారు. మధ్యలో జేబులో ఫోన్ మోగింది. ఆ పొద్దున ప్రధానమంత్రి మంత్రివర్గాన్ని మారుస్తున్నారట. "ఒక్క నిమిషం," అని దేవుడికి చెప్పి మంత్రిగారు బయటికి పరిగెత్తారు.

ఎదురుగా కనిపించిన తలుపు తోసుకుని లోపలికొచ్చారు. అది నా చీపుళ్ల గది. అప్పటిదాకా తలుపు సందులోంచి హాలు చూస్తున్న నేను బకెట్‌తో సహా బీరువా వెనక్కి తప్పుకున్నానని తెలీక మోకాళ్ల మీద కూలబడ్డారు.

"తండ్రీ, తీసెయ్యకు. మా ఆవిడకి నామీద ఉన్న గౌరవమే అంతంత మాత్రం. వ్యవసాయ శాఖ మాత్రం వద్దు తండ్రీ, బురద నా ఒంటికి పడదు."

అంత నిజాయితీగల ప్రార్థన నేను ఏ బిషప్పు నోటా వినలేదు. కదిలిపోయి బకెట్ వదిలేశాను.

"విన్నావా?" అన్నారు ఉలిక్కిపడి.

"బకెట్ చప్పుడులో ఏం వినబడుతుంది సార్."

ఇద్దరం బయటికొచ్చేసరికి హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. పిల్లలంతా కళ్లు మూసుకుని ఉన్నారు. గుమ్మంలో కెమెరా మనిషి అరటిపండు తింటూ, "మళ్లీ ప్రార్థన మొదలవగానే చెప్పండి, ఆన్ చేస్తాను," అన్నాడు.

"ఏం చేస్తున్నారు వీళ్లు?" అన్నారు మంత్రిగారు నాతో, గుసగుసగా.

"మీకు ఉద్యోగంలో ఏదో కష్టమొచ్చిందని మేడమ్ చెప్పుంటారు సార్. మీ కోసం కూర్చున్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏదో అనబోయారు. అంతలో ఫోన్ మోగింది. కారెక్కి వెళ్లిపోయారు.

వ్యవసాయం తప్పింది. ఆయనకు జైళ్ల శాఖ ఇచ్చారు. బడులకు కొత్త మంత్రిని వేయలేదు గనుక మేడమ్ మెమో, మా తప్పనిసరి ప్రార్థన అలాగే ఉన్నాయి.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మేడమ్ పేపరు పైకి చదివింది. జైళ్ల మంత్రిగా పిల్‌బీమ్ గారి తొలి ప్రకటన: "మన జైళ్లలో ఏ ఖైదీనీ బలవంతంగా ప్రార్థనకు నిలబెట్టకూడదు. మనిషి మనస్సాక్షి మీద చెయ్యి వేసే హక్కు ప్రభుత్వానికి లేదు. నేనుండగా అలా జరగనివ్వను."

టీచర్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మేడమ్ పేపరు మడిచి నావైపు తిరిగింది.

"లెన్, మన కిటికీలన్నిటికీ ఇనప ఊచలు బిగించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"