అంగిలి కాలిన నగారా

కాగే టీని అయిదు నిమిషాల్లో గొంతులో పోసుకుని మిషన్ల దగ్గరకు పరుగెత్తాలని రూలు పెట్టిన పెద్దమనుషులారా, నగారా అంగిలి మీద పుండు మీరు పెట్టిందే. మీరిచ్చింది టీ కాదు, వాత. ఏ కార్మికుడి నోరైనా విప్పి చూడండి, పైకప్పు మీద మీ సంతకం కనిపిస్తుంది.

నగారా ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో యూనియన్ నాయకుడు. అతను నోరు తెరిస్తే మిషన్ల మోత కూడా చిన్నబోతుందని ఆ పేరు పెట్టారు. ఆ రోజు ఉదయం అతను చేయాల్సిన పని ఒక్కటే. పదకొండింటికి మేనేజరు గదికెళ్ళి, టీ విరామం పావుగంట చేయమని అడగాలి. అడగాల్సింది నోటితో. ఆ నోరేమో కిందటి రోజు టీకి కాలి, రాత్రికి పొక్కి, తెల్లారేసరికి పుండై కూర్చుంది. నాలుక పొరపాటున పైకి తగిలితే పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి.

"ఉప్పునీళ్ళు పుక్కిలించండి. చల్లటి పాలు తాగి, రెండు రోజులు మాట్లాడకుండా కూర్చోండి. అదే తగ్గుతుంది," అంది భార్య.

"ఇవాళ మాట్లాడకపోతే ఎలానే? అందరూ నా నోరే నమ్ముకున్నారు."

"పెళ్ళయినప్పటి నుంచీ నేను చెప్పలేని మాట ఆ పుండు చెబుతోంది. కనీసం దాని మాటైనా వినండి."

అంతలో బావమరిది ఊడిపడ్డాడు. అతనిదీ అదే ఫ్యాక్టరీ. లోకంలో అతనికి తెలియని వైద్యం లేదు, అతని వైద్యంతో బాగుపడ్డ మనిషీ లేడు. జేబులోంచి ఒక ట్యూబు తీశాడు.

"ఇది రాస్తే నొప్పి అన్న మాటే ఉండదు బావా. మందుల షాపువాడు పెసరగింజంత చాలన్నాడు. వాడికేం తెలుసు? నీది పెసరగింజంత నోరా?"

అక్క వద్దు వద్దంటూనే ఉంది. తమ్ముడు సగం ట్యూబు నోట్లో పూసేశాడు. నిమిషంలో నొప్పి పోయింది. దాని వెంటే నాలుక, పెదవులు, దవడ కూడా ఎటో పోయాయి.

"ఎలా ఉంది బావా?"

"వావువాయ్."

"విన్నావా అక్కా, బాగుందంటున్నాడు."

ఫ్యాక్టరీకి చేరేసరికి మందు ప్రభావం సగమే మిగిలింది, అదీ తప్పుడు సగం. నాలుక మొద్దుబారే ఉంది, పుండు మాత్రం నిద్ర లేచింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. మేనేజరు గది పై అంతస్తులో, గోడంతా అద్దం. కింద మిషన్ల దగ్గరున్న వాళ్ళకు మనుషులు కనిపిస్తారు కానీ మాటలు వినిపించవు. అందుకని ఏనాడో ఒక గుర్తు పెట్టుకున్నారు. మేనేజరు ఇచ్చిన టీ నాయకుడు తాగితే రాజీ కుదిరినట్టు. గ్లాసు పక్కకు నెడితే చర్చలు చెడినట్టు, మిషన్లు ఆపేయాలి.

మేనేజరు మామూలుగా గంట ఉపన్యాసం ఇస్తే గానీ కూర్చోమనడు. నగారా అడగబోయేది ముందే తెలిసినట్టుంది, ఆ రోజు ఎందుకో మాట పొదుపుగా వాడాడు.

"పావుగంటేగా? సరే. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. టీ తాగు."

నగారాకు ఎగిరి గంతేయాలనిపించింది. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చాడు. ఆవిరి తగలగానే పుండు బుస్సుమంది. గ్లాసు నెట్టేశాడు.

కింద బావమరిది చూడనే చూశాడు. "బావ టీ నెట్టేశాడు, ఆపండి మిషన్లు."

"నోరు బాలేదేమోరా," అన్నాడు పక్కవాడు.

"నేను వైద్యం చేసిన నోరది. నొప్పి అక్కడుండే ధైర్యం చేయదు. ఇది పోరాటం."

మిషన్లు ఆగాయి. పైన మేనేజరు మొహం పాలిపోయింది.

"ఒప్పుకున్నానుగా. ఇంకేం కావాలయ్యా?"

"వావీ... వావువీ," అన్నాడు నగారా, ఏమీ వద్దని.

"ఫ్యాన్లా? వేయిస్తాను, తాగు." ఇంకో గ్లాసు వచ్చింది, పొగలు కక్కుతూ. అదీ పక్కకు పోయింది. "కూర్చోడానికి బల్లలా? అవీ వేయిస్తాను." మూడో గ్లాసు మరీ సలసల కాగుతోంది. గ్లాసు కదిలినప్పుడల్లా కింద ఈలలే ఈలలు. గెలిచిన పోరాటం కళ్ళముందే తగలబడుతోంది. నగారా అద్దం దగ్గరికి పరుగెత్తి, పని మొదలుపెట్టమని రెండు చేతులూ ఊపాడు. బయటికి నడవమంటున్నాడని జనమంతా ఆ అద్దానికి ఎదురుగా ఉన్న గేటు దగ్గరికి పోయి బైఠాయించారు.

ఇక లాభం లేదు. నగారా మేనేజరు ముందు నోరు బార్లా తెరిచి, వేలు పెట్టి అంగిలి చూపించాడు. మేనేజరు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. తర్వాత తనూ నోరు తెరిచాడు. అదే చోట, అంతే పుండు.

"నాక్కూడా అయిదు నిమిషాలేనయ్యా," అన్నాడు, పదం పదం కూడబలుక్కుంటూ.

గేటు దగ్గర బావమరిది గుండెలు బాదుకున్నాడు. "ఒకరినొకరు కరుచుకునేలా ఉన్నార్రా."

ఇప్పుడు నగారా టీ తాగితే తప్ప జనం లోపలికి రారు. టీ చల్లారితే తప్ప నగారా తాగలేడు. గ్లాసు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ చెరోవైపు కూర్చుని ఊదుతున్నారు. ఫోను మోగింది. యజమాని.

"మిషన్లెందుకు ఆగాయి?"

"టీ చల్లారుతోందండి."

"అదెంతసేపు?"

మేనేజరు గ్లాసును వేలితో తాకి చూశాడు. "పావుగంట పట్టేలా ఉందండి. మేం అడుగుతున్నదీ అదేనండి."

"సరే, రోజూ పావుగంటే కానివ్వండి," అని యజమాని ఫోను పెట్టేశారు. నగారా గోరువెచ్చటి టీని గుక్క గుక్కగా తాగి, ఖాళీ గ్లాసు అద్దానికి ఆనించి చూపించాడు. గేటు దగ్గరి కేకలకు అద్దం అదిరింది.

సరే, ఆ ఒక్క ఫ్యాక్టరీలో టీ చల్లారింది. మిగతా చోట్ల ఇంకా కాగుతూనే ఉంది. అయిదు నిమిషాల రూలు రాసినవాళ్ళంతా రేపు పొద్దున క్యాంటీన్ల ముందు వరుసగా నిలబడి, పొగలు కక్కే టీని అయిదు నిమిషాల్లో తాగి చూపించాలి. తాగలేకపోతే అక్కడికక్కడే రూలు మార్చాలి. ఉప్పునీళ్ళు మేం తెచ్చిపెడతాం.

మందు పూయడానికి బావమరిది వస్తాడు.