స్ప్లిట్ ఖాయమైంది

మే నెలలో ఒక శుక్రవారం ఉదయం, రెండో కాఫీ పూర్తయ్యేలోగా డాక్టర్ యజ్ఞనారాయణ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. నలభయ్యో పెళ్ళిరోజుకి తానూ తన భార్య సరోజా క్రొయేషియా వెళ్తున్నారు. స్ప్లిట్ అనే ఊళ్ళో దిగుతారు. అది సముద్రం ఒడ్డున ఉన్న పాత పట్నం. అక్కడ ఒక బోటు అచ్చంగా తమకోసమే మాట్లాడుకుని, పొద్దున బయల్దేరి, తీరం వెంట దీవులు చుట్టి, చీకటి పడేలోగా తిరిగొస్తారు. బోటులో ఇద్దరే ఉంటారు. నడిపేవాడు ఎలాగూ తప్పడు కనక అతన్ని మాత్రం క్షమించాడు.

ఈ 'ఇద్దరే' అన్న పట్టుదల ఊరికే పుట్టలేదు. అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో వాళ్ళది ఇల్లు కాదు, సత్రం. చదువుకోడానికి వచ్చిన పిల్లలు, ఉద్యోగం పోయినవాళ్ళు, ఉద్యోగం దొరికి ఇల్లు దొరకనివాళ్ళు, ఎవరో ఒకరు గెస్ట్ రూములో ఎప్పుడూ ఉండేవారు. సరోజకు కాదనడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలో నయాగరా వెళ్తే, కారు వెనక సీటులో ముగ్గురు బ్రహ్మచారులు కూర్చుని దారి పొడుగునా అంత్యాక్షరి ఆడారు. గ్రాండ్ కాన్యన్ ఫొటోలో భార్యాభర్తల మధ్య ఒక పురోహితుడు సరోజ శాలువా కప్పుకుని నిలబడి ఉంటాడు. యజ్ఞనారాయణ మత్తు డాక్టరుగా వేలమందిని హాయిగా నిద్రపుచ్చి రిటైరయ్యాడు. భార్య పక్కన మాత్రం ఒక్క పూట నిశ్శబ్దంగా కూర్చున్న జ్ఞాపకం లేదు.

అందుకే ముందుగా ఒట్టు వేయించుకున్నాడు. "చూడు సరోజా, ఎవరికీ చెప్పకూడదు. చెప్పావంటే నలుగురు తగులుకుంటారు. అమ్మాయికి కూడా చెప్పకు."

"స్పందనకు కూడానా? పెళ్ళిరోజండీ!"

"స్పందనకు చెప్తే అల్లుడొస్తాడు. అల్లుడొస్తే వాళ్ళమ్మా నాన్నా వస్తారు."

సరోజ కాస్సేపు ఆలోచించింది. అది నిజమే కావడంతో ఒట్టేసింది.

పదకొండు దాటాక ఆయన ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే క్రొయేషియా నుంచి మెసేజ్ వచ్చింది. బోటు యజమాని పేరు ఆంటే. ఆ దేశంలో మగవాళ్ళకు మామూలుగా పెట్టుకునే పేరది. జూన్‌లో మీరడిగిన రోజు బోటు మీదే, అని ఆంటే రాశాడు. ఆనందం పట్టలేక యజ్ఞనారాయణ అక్కడే, పెద్ద ఫ్రీజర్ పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"స్ప్లిట్ ఖాయమైంది! జూన్‌లోనే... ఆ, ఆంటేతో అన్నీ మాట్లాడేసుకున్నాను. బోటు ఆంటేదే, సొంతం... లేదు లేదు, పిల్లకి అసలే తెలియకూడదు. నలభై ఏళ్ళు ఓపిక పట్టాను, ఇంక నావల్ల కాదు!"

ఫ్రీజర్‌కి అవతలి పక్క పరాఠాలు ఎంచుకుంటున్న నాగమల్లేశ్వరి చేతిలో పాకెట్ అలాగే ఉండిపోయింది. ఆవిడ వీళ్ళ వీధిలోనే ఉంటుంది. క్రొయేషియా మ్యాపు ఎప్పుడూ చూసి ఎరగదు. స్ప్లిట్ అంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒక్కటే, మొగుడూ పెళ్ళాం విడిపోవడం. ఫ్రీజర్ రొదలో ఆంటే కాస్తా ఆంటీ అయింది.

"శివశివా! మనవల్ని ఎత్తుకునే వయసులో ఆంటీయా!" అనుకుని, పరాఠాలు అక్కడే వదిలేసి కారెక్కింది. యజ్ఞనారాయణ బెండకాయల దగ్గర్నుంచి కొత్తిమీర దగ్గరకు వచ్చేలోగా ఆవిడ సరోజ వంటింట్లో ఉంది.

"సరోజగారూ, స్ప్లిట్ సంగతి తెలిసిందండీ," అంది గొంతు తగ్గించి.

సరోజ గతుక్కుమంది. "అయ్యో, మీకెలా తెలిసింది? ఎవరికీ తెలియకూడదని ఆయన నాచేత ఒట్టేయించుకున్నారే!"

"ఒట్టు కూడానా! మరి మీకు ఇష్టమేనా?"

"మొదట్లో భయమేసింది. ఈ వయసులో ఇవన్నీ మనకెందుకండీ అన్నాను. కానీ ఆయన నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక కదా, సరే అన్నాను."

నాగమల్లేశ్వరి కళ్ళు తుడుచుకుంది. "మీది ఎంత పెద్ద మనసండీ! మరి ఆ... ఆంటీ?"

"ఆంటేనా? ఫొటో చూశాను. ఎండకి కాస్త నల్లబడ్డారు కానీ మనిషి గట్టిగానే ఉన్నారు. నన్ను కూడా జాగ్రత్తగా చూసుకుంటానని మాటిచ్చారు."

నాగమల్లేశ్వరి సరోజ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా ఇంటికెళ్ళి, దగ్గర్లోనే షామ్‌బర్గ్‌లో ఉన్న వసుమతికి ఫోన్ చేసింది. వసుమతి భర్త మనోహరూ, యజ్ఞనారాయణా గుంటూరు మెడికల్ కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. వార్త షామ్‌బర్గ్ చేరేసరికి బోటు ఓడ అయింది. అక్కణ్ణుంచి న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోకి, స్పందన చెవికి చేరేసరికి, ఆంటీ గ్రీకుదేశపు విధవరాలైంది. ఆవిడకు ఒక దీవి కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే స్పందన ఫోన్ చేసింది. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. కోపం వచ్చినప్పుడు తెలుగు ఇంకా తడబడుతుంది.

"డాడీ, నాకు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

యజ్ఞనారాయణ భార్య వైపు కొరకొరా చూశాడు. సరోజ నేను కాదన్నట్టు తల ఊపింది. "చెప్తే నువ్వు బయల్దేరి వస్తావనమ్మా," అన్నాడు ఫోన్‌లో.

"ఆఫ్‌కోర్స్ వస్తాను! నేను మీ డాటర్ కదా!"

"వద్దు తల్లీ. ఇది నేనూ మీ అమ్మా ప్రైవేట్‌గా చేసుకునే పని. ఒక్క రోజులో అయిపోతుంది."

"వన్ డే? లాయర్ లేకుండానా?"

"లాయరెందుకే? ఆంటేకి లైసెన్స్ ఉంది."

అవతల ఏదో ముక్కు చీదిన చప్పుడు. "అమ్మ... అమ్మ ఓకేనా దీనికి?"

"ఓకేనా ఏమిటి! సూట్‌కేస్ సర్దుకోవడం కూడా మొదలుపెట్టేసింది."

లైను కట్ అయింది. సిగ్నల్ పోయిందనుకున్నాడు యజ్ఞనారాయణ.

ఆ సాయంత్రం మనోహర్ వచ్చి, వాకింగ్‌కి పోదాం రమ్మన్నాడు. నది పక్కన దారిలో చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించీ షుగర్ గురించీ మాట్లాడి, చివరికి ఒక బెంచీ మీద కూలబడి అసలు సంగతికి వచ్చాడు.

"ఒరేయ్ యజ్ఞం, నాకంతా తెలుసు. ఈ వయసులో మనసు అలా పోతుంది, తప్పు లేదు. కానీ ఆలోచించుకో."

ఇతనికి కూడా తెలిసిపోయిందన్నమాట! బోటు ఎక్కడానికి బేరం పెడుతున్నాడు, అనుకున్నాడు యజ్ఞనారాయణ. కాలేజీనాటి స్నేహితుణ్ణి మొహం మీదే వద్దనలేక మధ్యేమార్గం చూశాడు. "మనోహర్, నాతో మాత్రం కుదరదు. కావాలంటే నీకు వేరేగా మాట్లాడి పెడతాను. ఆంటే బంధువులు అక్కడ బోలెడుమంది ఉన్నారు."

మనోహర్‌కు చెమటలు పట్టాయి. "నాకా? ఒరేయ్, వసుమతికి తెలిస్తే..."

"తెలిస్తే ఏం? వసుమతిని కూడా తీసుకుపో! సరదాగా ఉంటుంది."

మనోహర్ లేచి, స్నేహితుడి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు. దాంతో ఇంకా భయం వేసింది. ఇంటికి వెళ్ళాక ఈ సంభాషణలో తన తాలూకు భాగం తప్ప మిగతాదంతా భార్యకు చెప్పాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కాలింగ్ బెల్ మోగింది. ఇడ్లీల డబ్బాతో మనోహర్, వసుమతి. వాళ్ళ వెనక నాగమల్లేశ్వరి. వీళ్ళు సోఫాలో సర్దుకునేలోగా ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ దిగారు స్పందన, ఆమె భర్త సిద్ధార్థ్. సరోజ అలవాటు ప్రకారం ఎందుకొచ్చారని ఎవర్నీ అడక్కుండా కాఫీలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది. యజ్ఞనారాయణ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. ఐదుగురు, తామిద్దరు. మళ్ళీ నయాగరా లాగే అవబోతోంది.

"డాడీ, మేము అందరం నీ కోసమే వచ్చాం," అంది స్పందన ఎర్రబడ్డ కళ్ళతో.

"ఎందుకొచ్చారో నాకు తెలుసులే. సిగ్గుండాలి!"

"సిగ్గు మాకా అన్నయ్యగారూ?" అంది వసుమతి నొచ్చుకుని.

సిద్ధార్థ్ నెమ్మదస్తుడు. మామగారికి కుర్చీ జరిపి, "మావయ్యగారూ, నాకొక కౌన్సెలర్ తెలుసు. మీరు, అత్తయ్యగారు, ఆ ఆంటీ, ముగ్గురూ ఒకసారి కూర్చుని..." అన్నాడు.

"ఇప్పుడు కౌన్సెలర్‌ని కూడా ఎక్కించాలా!" యజ్ఞనారాయణ బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. ఇడ్లీల డబ్బా ఎగిరిపడింది. "వినండి అందరూ! పదిమంది పట్టే బోటే అది. చోటు లేక కాదు. అయినా నేను ఎవర్నీ రానివ్వను. ఈ ఇంట్లో నా పెళ్ళాంతో ఒక్క మాట తిన్నగా పూర్తి చేసి ఎరగను. ఏదో చెబుదామని నోరు తెరుస్తానా, బెల్ మోగుతుంది. తను లేచి వెళ్తుంది. ఏం చెబుదామనుకున్నానో నాకే గుర్తుండదు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, నాకు సరోజ కావాలి. సరోజ ఒక్కతే కావాలి!"

కాఫీల ట్రేతో గుమ్మంలోకి వచ్చిన సరోజ అక్కడే ఆగిపోయింది.

ముందుగా తేరుకున్నది వసుమతి. "సరోజ వదిన కావాలా? మరి ఆంటీ సంగతేమిటి?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. "ఇదిగో ఆంటే! నేను చెప్తే వినరుగా, అడగండి, సరాసరి అడగండి!" అంటూ యజ్ఞనారాయణ ఫోన్ అందరి వైపూ తిప్పాడు. స్క్రీన్ నిండా గడ్డం. గడ్డం పైన ఎండకి కమిలిన ముక్కు, దాని పైన నావికుడి టోపీ. వెనక నీలంగా సముద్రం. ఆ గడ్డం మనిషి మేడమ్‌గారు లంచ్‌లోకి చీజ్ తింటారా అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు.

నాగమల్లేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. "ఈయనా ఆంటీ?"

తర్వాత చిక్కులు ఒక్కొక్కటే విడిపోయాయి. స్ప్లిట్ ఊరని సిద్ధార్థ్ తన ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాడు. స్పందన నవ్వుతూ ఏడుస్తూ తండ్రిని కావలించుకుంది. మనోహర్ మాత్రం ఊరుకోలేక, "ఒరేయ్, మరి నిన్న నాకూ వాళ్ళ బంధువుల్ని మాట్లాడి పెడతానన్నావు?" అనేశాడు.

"బోటురా, బోటు!"

"మీకేం మాట్లాడి పెడతానన్నారు?" అంది వసుమతి భర్త వైపు నెమ్మదిగా తిరిగి. మనోహర్ ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

గొడవంతా చల్లారాక, కాఫీ చప్పరిస్తూ నాగమల్లేశ్వరి, "అయితే పదిమందికి చోటుందన్నమాట," అంది ఎవరితోనూ కానట్టు. ఆ మాటకు అందరూ సరోజ వైపు చూశారు. ఆవిడ ఏమంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు. యజ్ఞనారాయణ కళ్ళు మూసుకున్నాడు.

"చోటుందండీ," అంది సరోజ ట్రే కింద పెట్టి. "కానీ ఈసారి మేమిద్దరమే వెళ్తాం."

యజ్ఞనారాయణ కళ్ళు తెరిచాడు. పీటల మీద తెరసెల్లా తీసినప్పుడు ఆ మొహాన్ని ఎంత ఆశ్చర్యంగా చూశాడో అంత ఆశ్చర్యంగా చూశాడు.

జూన్‌లో స్ప్లిట్ రేవు నుంచి తెల్లటి బోటు ఇద్దరితో బయల్దేరింది. ఆంటే చుక్కాని దగ్గర తన మానాన తాను ఉన్నాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు ఏరుకోవచ్చనిపించింది. దీవుల మీద పైన్ చెట్లు, వాటి కింద తెల్లరాతి ఇళ్ళు. బ్రాచ్ దీవి దాకా యజ్ఞనారాయణ ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ, మధ్యలో ఎవరూ అడ్డురాకుండా, చుక్క పెట్టేదాకా చెప్పాడు. పెళ్ళిచూపుల్లో ఆమె కట్టుకున్న చీర రంగు తనకు గుర్తుందన్నాడు. తప్పు రంగు చెప్పాడు. సరోజ దిద్దలేదు.

బ్రాచ్ దాటాక ఆ మాటలు అయిపోయాయి. చీజ్ సాండ్‌విచ్‌లు తిన్నారు. సముద్రం చూశారు. మళ్ళీ సముద్రమే చూశారు. అప్పుడు యజ్ఞనారాయణకు ఒక ఇబ్బంది తెలిసొచ్చింది. తన జీవితంలో జరిగిన అన్నింటికన్నా మంచి కథ, ఈ ఆంటీ కథ, గొంతులో గిలగిలలాడుతోంది. వినడానికి ఉన్న ఒక్క మనిషీ ఆ కథలో పాత్రే. పోనీ అని ఆంటేకి చెప్పి చూశాడు. ఆంటే ఓపికగా అంతా విని, మా ఆంటీకి కూడా బోటుంది అన్నాడు.

మధ్యాహ్నం హ్వార్ దీవి రేవులో బోటు ఆగింది. అక్కడ ఒడ్డున సంచులతో ఒక కుటుంబం నిలబడి ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. "చెప్తే విన్నావా? ఐస్‌క్రీమ్ ఐస్‌క్రీమ్ అన్నావు, ఫెర్రీ పోయింది!" అని భర్త అరుస్తున్నాడు, శుభ్రమైన తెలుగులో.

సరోజ ఆ గొంతు వింది. కానీ మాట మాటే కనక గట్టిగా పెదవి బిగించి అటు చూడకుండా కూర్చుంది. యజ్ఞనారాయణ ఒక్క నిమిషం ఆగాడు. తర్వాత లేచి, రెయిలింగ్ మీదుగా సగం బయటకు వంగాడు.

"ఏ ఊరండీ మీది?"

"షామ్‌బర్గ్ అంకుల్!"

"అలా చెప్పరేం! రండి, రండి, చోటు బోలెడుంది! అమ్మా, మీరు జాగ్రత్త, చెయ్యివ్వండి. సరోజా, ఆ సాండ్‌విచ్‌లు ఇలా తే!"

తిరుగు ప్రయాణం పొడుగునా ఆయన నిలబడే ఉన్నాడు. ఫ్రీజర్ రొద, నాగమల్లేశ్వరి కళ్ళజోడు, మనోహర్ చెమటలు, అన్నీ గొంతు మార్చి చేసి చూపించాడు. ముసలమ్మ నవ్వలేక పక్కలు పట్టుకుంది. పిల్లలు 'ఈయనా ఆంటీ' అన్న ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. స్ప్లిట్ రేవులో దిగేటప్పుడు, వచ్చే నెల నేపర్‌విల్‌కి భోజనానికి రాకపోతే ఊరుకోనని ఐదుగురి చేతా మాట తీసుకున్నాడు.

వాళ్ళు చేతులూపుతూ మలుపు తిరిగాక సరోజ అడిగింది. "భోజనానికి పిలిచారు, బాగానే ఉంది. ఇంతకీ వాళ్ళ పేర్లేమిటండీ?"

యజ్ఞనారాయణ వాళ్ళ పేర్లు అడగనే లేదు.