పద్నాలుగో భాగంలో ఆవిడ

ఆ రోజు ఉదయం సౌండు ఎడిటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసులో ముఖం చూపించి, పదకొండుకల్లా ఇంటికి చేరి, కర్టెన్లు మూసేసి సాయంత్రం దాకా నిద్రపోవడం. వారం పైగా అతనికి కంటి మీద కునుకు లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట పిల్లల్ని టీవీ ముందు కట్టిపడేసిన ముసుగు వీరుడి బొమ్మల సీరియల్, ఇరవై ఆరు భాగాలూ కలిపి ఆరు డిస్కుల పెట్టెగా ఆ ఉదయమే దుకాణాలకు చేరింది. ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడు పాపం.

అతని నిద్రంతా మింగేసింది పద్నాలుగో భాగం. బొమ్మ ఉంది గానీ, తెలుగు మాటలున్న టేపు కంపెనీ గోదాములో ఎప్పుడో బూజు పట్టిపోయింది. అప్పుడు ఎడిటరే తన చిన్ననాటి క్యాసెట్ ఒకటి వెతికి తెచ్చాడు. పదేళ్ళ వయసులో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మెదపొద్దని బతిమాలుకుని రికార్డు చేసుకున్నది. అందరూ నోరు మూసుకున్నారు, వాళ్ళమ్మ తప్ప. ఆవిడకు టీవీలో వాళ్ళతో మాట్లాడటం అలవాటు. బొమ్మలైతే మరీను, పక్కింటి వాళ్ళతో కూడా అంత చనువు లేదు.

ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. కంప్యూటర్లోకి ఎక్కించడం పూర్తయీ కాకముందే ఆ పాత క్యాసెట్ పుటుక్కున తెగిపోయింది. ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలింది ఇక ఆ ఒక్క ఫైల్లోనే. అతను దాన్ని ఉన్నదున్నట్టు దాచుకుని, ఇంకో కాపీ తీసి, అందులోంచి అమ్మ మాటలు ఒక్కొక్కటే తీసేశాడు. తీసేసిన ప్రతి మాటకీ గుండె కలుక్కుమంది.

పదీపావుకి మొదటి ఫోను వచ్చింది. నాలుగో డిస్కులో ఎవరో ఆవిడ అడ్డొచ్చి మాట్లాడుతోందని ఒక దుకాణదారు చెప్పాడు. మేనేజరు వెంటనే డిస్కు పెట్టించాడు. ఆఫీసంతా చుట్టూ చేరింది. తెర మీద వాన పడుతోంది. దుర్మార్గుడు మేడ మీద నిలబడి, "ఎక్కడ దాక్కున్నాడు వాడు?" అని గర్జించాడు.

"నీళ్ళ ట్యాంకు వెనకాల. అయినా నీకెందుకు చెప్తాను?" అంది ఒక ఆడగొంతు. పక్క కుర్చీలో కూర్చుని అన్నట్టే ఉంది.

దుర్మార్గుడు మెల్లగా ట్యాంకు వైపు తల తిప్పాడు.

"ఒరేయ్ నాయనా, వెనక్కి చూసుకో," అంది గొంతు. ముసుగు వీరుడు వెనక్కి చూశాడు. గదిలో కూడా ఇద్దరు ముగ్గురు చూశారు.

అది అమ్మ గొంతని ఎడిటరుకు తెలిసిపోయింది. రెండు ఫైళ్ళలో పంపకూడనిది పంపాను, కొంప మునిగింది అనుకున్నాడు. నిజం ఒప్పుకుంటే ఆ ఫైలు కూడా చెరిపెయ్యమంటారు. ఆ భయంతో నోటికి వచ్చింది అనేశాడు. ఆ గొంతు అసలు సీరియల్లోనే ఉందనీ, అదొక కనిపించని పాత్ర అనీ.

మేనేజరు నమ్మాడు. అంతటితో ఊరుకోకుండా ప్రచారం పని చూసే అమ్మాయికి కూడా చెప్పాడు. ఆమె పదకొండు కొట్టేసరికి "ఆమె ఎవరు?" అని కొట్టొచ్చినట్టు కనిపించే అక్షరాలతో ప్రకటన ఇచ్చేసింది. ఎడిటరు వద్దనబోయాడు గానీ, ఎందుకు వద్దో చెప్పే దారి తోచలేదు. పెట్టె కొన్నవాళ్ళంతా చెవులు రిక్కించుకుని డిస్కులన్నీ గాలించడం మొదలుపెట్టారు.

చిక్కేమిటంటే, అందరికీ ఆవిడ దొరికింది. రెండో భాగంలో ఉందని ఒకరు, ఇరవయ్యో భాగంలో ఉందని ఇంకొకరు ఫోను చేశారు. జనం ఊహలకేం, అని ఎడిటరు మొదట నవ్వుకున్నాడు. తర్వాత ఒక ఇల్లాలు, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని ఆవిడ చెప్పిందనీ, పరిగెత్తి చూస్తే నిజంగానే పొంగుతున్నాయనీ ఫోను చేసి చెప్పింది. మాత్ర వేసుకోలేదని తనను తిట్టిందన్నాడు ఒక పెద్దాయన. తనను అలా తిట్టే మనిషి లేక చాలా కాలమైందనీ, థాంక్స్ చెప్పమనీ అన్నాడు. మేనేజరు అలాగేనండీ అని ఫోను పెట్టేసి, ఎవరికి చెప్పాలో తెలియక కాసేపు గోడ వంక చూశాడు. ఎడిటరుకు నవ్వు ఆగిపోయింది.

రెండింటికి కంపెనీ యజమానే మేనేజరుకు ఫోను చేశాడు. సోఫా మీంచి కాళ్ళు దించమని ఆవిడ తనతో అందట. దించిన తర్వాత ఆయనకు భయం వేసింది, భయం తగ్గాక కోపం వచ్చింది. పెట్టెలన్నీ వెనక్కి తెప్పించాలి, సాయంత్రానికల్లా ఆ గొంతు చెరిపెయ్యాలి, ఎక్కడా ఒక్క కాపీ మిగలకూడదు, మిగిలితే మేనేజరుదీ ఎడిటరుదీ ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి అన్నాడు.

మేనేజరు తలుపు వేసి వచ్చి, "ఇప్పుడైనా నిజం చెప్పు. ఎవరావిడ?" అన్నాడు.

"మా అమ్మ సార్."

"మరి ముందే చెప్పొచ్చుగా. ఆవిడ్నే పిలిపిద్దాం. ఏదో పొరపాటైందని నలుగురి ముందు ఒక్క మాట చెప్తే గొడవ వదిలిపోతుంది."

"పోయి పన్నెండేళ్ళయింది సార్."

మేనేజరు వెళ్ళి, పట్టపగలు గదిలో లైట్లన్నీ వేశాడు.

ఎడిటరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మేనేజరు అతని వెనకాల నిలబడ్డాడు. డిస్కులకు పంపిన ఫైలు తెరిచి చూస్తే, అమ్మ మాట్లాడిన ప్రతి చోటా శబ్దం చూపించే గీత చదునుగా ఉంది. అతను మూడుసార్లు చూశాడు. తను పంపింది శుభ్రం చేసిన ఫైలే, అందులో ఆవిడ మాట ఒక్కటి కూడా లేదు.

మరి పొద్దున అందరం విన్నదేమిటని మేనేజరు అడిగాడు. ఏదైతేనేం, ముందు నువ్వు దాచుకున్నది చెరిపెయ్యి అన్నాడు మేనేజరు.

ఎడిటరు ఆ రెండో ఫైలు మీదకు వచ్చి మీట మీద వేలు పెట్టాడు. ఒక్కసారి నొక్కితే అమ్మ గొంతు ఇంకెక్కడా ఉండదు. వేలు కదలలేదు. కళ్ళ నీళ్ళు జారిపోతుంటే తుడుచుకోనైనా లేదు.

"నా వల్ల కాదు సార్. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

స్పీకర్ల వైరు బల్ల కింద ఊడి పడి ఉంది.

"దానికోసం ఏడుస్తావేంట్రా," అంది గొంతు. "అది ఉంటే ఎంత, పోతే ఎంత. నేనేమైనా అందులో ఉన్నానా?"

మేనేజరు వంగి, బల్ల కింద ఊడి ఉన్న వైరు వంక చూశాడు.

"నువ్వూ కూర్చో బాబూ. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు."

మేనేజరు కూర్చున్నాడు. గొంతు పూర్తిగా చెరిపేశామని యజమానికి ఫోను చేసి, కూర్చునే చెప్పాడు.