‘ఎందుకు’ అని అడిగే అర్హత

ప్రశ్న అనేది నోరున్న ప్రతివారూ వేయదగినది కాదన్న సత్యాన్ని నాగరిక సమాజం ఎట్టకేలకు గుర్తించింది. విలేకరుల అర్హతా నియంత్రణ మండలివారు (మండలిలో ఒక్క విలేకరీ లేనందున దాని నిష్పాక్షికతను శంకించనవసరం లేదు) ప్రశ్నలను చదువును బట్టి పంచిపెట్టారు. బడి చదువు ముగించినవారు ‘ఏమిటి’ అని అడగవచ్చు. పట్టభద్రులకు ‘ఎవరు, ఎప్పుడు, ఎక్కడ’ అదనం. ‘ఎందుకు’ మాత్రం ఆపై పట్టా పొందినవారికే.

ఇంట్లో అందరూ ‘కూపీ’ అని పిలిచే అమ్మాయికి బడి చదువుతో పాటు ఒక దురలవాటు ఉంది: సంగతి తేలనిదే అన్నం సయించదు. ఆమెకు పత్రికా సంపాదకుడు ఒక అవకాశం ఇచ్చాడు. వాళ్ళ వీధి చివరి కొత్త నీళ్ళ ట్యాంకు గురించి సాయంత్రంలోగా పూర్తి వార్త తెస్తే ఉద్యోగం ఖాయం. ట్యాంకుకు రంగు వేశారు, రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. కొళాయిలో మాత్రం గాలి వస్తోంది.

“ఏమే, నువ్వు రాస్తే నీళ్ళొస్తాయా?” అంది పిన్ని.

“కనీసం కారణమైనా బయటికొస్తుంది కదా పిన్నీ.”

“సరేలే, కారణంతో అంట్లు తోముకుంటాను. వెళ్ళిరా.”

జలాధికారి కళ్ళజోడు సవరించుకుని కూపీ మెడలోని కార్డు చదివాడు. ‘ఏమిటి మాత్రమే’ అని ఉంది. ఆయన ముఖం విప్పారింది.

“అడుగమ్మా.”

“వీధి చివర కట్టినదేమిటండీ?”

“నీళ్ళ ట్యాంకు.”

“అందులో ఉన్నదేమిటండీ?”

“ఏమీ లేదు.” (అధికారి దాపరికం ఎరుగని మనిషి.)

“మరి నీళ్ళు ఎందుకు...”

గుమాస్తా చేతిలోని కలం జారి కిందపడింది. అధికారి లేచి కిటికీ మూశాడు.

“నా కూతురులాంటిదానివని ఊరుకుంటున్నాను. ఇంకొకరైతే కార్డు లాక్కునేవారు.”

“పోనీ, కారణం ఏమిటండీ?”

“‘ఎందుకు’కు ‘ఏమిటి’ వేషం వేయడం పదకొండో నిబంధన కింద నేరం,” అన్నాడాయన శాంతంగా. “జవాబు నా నాలుక చివరే ఉంది తల్లీ. అడిగేవాళ్ళు లేక మింగేస్తున్నాను.” ఆయన గొంతులో నిజమైన బాధ పలికింది.

కూపీ తిరిగివచ్చి సంపాదకుని ముందు నిలబడింది.

“‘ఎందుకు’ అడగగలవాళ్ళు మన దగ్గర లేరా సార్?”

“ముగ్గురుండేవాళ్ళమ్మా. పట్టా చేతికి రాగానే ముగ్గురూ జల కార్యాలయం ప్రచార విభాగంలో చేరిపోయారు.”

“మరి మీరు?”

“నాది ఉత్త డిగ్రీ.” ఆయన కాసేపు ఆలోచించి, తన అధికార పరిధిలో ఉన్నదంతా అడిగేశాడు. “ట్యాంకు ఎక్కడుంది?”

మరునాడు ‘వీధి చివర ట్యాంకు’ అన్న శీర్షికతో వార్త వెలువడింది. అందులో ఒక్క తప్పూ లేదు. అయితే అది పూర్తి వార్త కానందున ఉద్యోగం రాలేదు.

పట్టుదల గల పిల్ల కనుక కూపీ విశ్వవిద్యాలయంలో చేరింది. మొదటి ఏడాదంతా పెన్ను పట్టుకోవలసిన కోణం నేర్పారు. రెండో ఏడాది ప్రముఖులు మాట్లాడుతుండగా తలూపడం (ప్రయోగశాలలో, అద్దాల ముందు). ‘ఎందుకు’ ఆపై పట్టాలో చిట్టచివరి పాఠం, అదీ ఇష్టమైతేనే. తరగతిలో ఇష్టపడింది కూపీ ఒక్కతే. కనుక బంగారు పతకమూ ఆమెకే దక్కింది.

పతకం మెడలోనే ఉంచుకుని ఆమె తిన్నగా పత్రికా కార్యాలయానికి వెళ్ళింది. తలుపుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చున్న సంపాదకుడు పక్కకు జరిగి చోటిచ్చాడు.

“మూసేశామమ్మా. జనం పత్రిక కొనడం మానేశారు.”

“ఎందుకు మానేశారు సార్?” కూపీ జీవితంలో తొలిసారి చట్టబద్ధంగా అడిగింది.

“ఏమోనమ్మా,” అన్నాడాయన. “వాళ్ళను అడిగే అర్హత మాలో ఎవరికీ లేకపోయింది.”