జీపుకు కొసరు

భోపాలపట్నంలో శ్రీరంగం దుకాణానికి వెళ్ళి నూనె కొన్నవాడెవడూ కొసరు లేకుండా ఇంటికి వెళ్ళలేదు. సోలెడు అడిగితే సోలెడు పోసి, ఆ పైన గరిటెతో మరికాస్త. కొసరు లేని బేరం కొన్నవాడికీ కలిసిరాదు, అమ్మినవాడికీ కలిసిరాదు అన్నది వాళ్ళ తాతల నాటి మాట. అందుకే ఆ ఉదయం నూనె డబ్బా పట్టుకుని జీపు కిందికి దూరిన శ్రీరంగం మనసులో ఏ శంకా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రాయపూర్ వేలంలో పాడుకున్న మిలిటరీ జీపు అది. భార్య జ్ఞానప్రసూన వడ్డాణం కరిగి జీపు అయింది. బస్తరు రాజ్యంలో ఆ తాలూకా తాసీల్దారును ఊళ్ళు తిప్పే ఠేకా, అంటే గుత్త, ఇన్నాళ్ళూ నరసింహులు ఎడ్లబండ్లదే. ఇవాళ తాసీల్దారు మొదటిసారి జీపు ఎక్కి మద్దేడ్ సంతకు వెళ్తున్నాడు. అక్కడ జగదల్‌పూర్ నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద దొర డేరా వేసుకుని ఉన్నాడు. ప్రయాణం నచ్చితే ఠేకా శ్రీరంగానిది. నచ్చకపోతే వడ్డాణం గోవిందా.

బండి అప్పగిస్తూ రాయపూర్ మిస్త్రీ ఒక మాట చెప్పాడు. వెనక ఇరుసు నడుమ కుండలా ఉబ్బిన ఇనుప డొల్ల ఒకటి ఉంది. దాంట్లో పళ్ళచక్రాలు గేరు నూనెలో మునిగి తిరుగుతాయి. వాగులు దాటే బండికి ఆ నూనె చూసుకుంటూ ఉండాలి. తగ్గితే బిరడా విప్పి కన్నం అంచు దాకా పోయాలి, అంతకు మించి చుక్క కూడా పోయకూడదు. ఈ చివరి ముక్కే శ్రీరంగానికి మింగుడుపడలేదు. నూనె అంచుకు రాగానే జీపును ఒక పక్క గట్టు మీదికి ఎక్కించి, కన్నం పైకి లేచేట్టు చేసి, మళ్ళీ డబ్బా అందుకున్నాడు.

"అంచు దాకనే అన్నడు గద సావుకారి," అన్నాడు బండికి సాయంగా వచ్చే మాసా.

"వాడు బండ్లు బాగుచేసెటోడు, నూనె అమ్మెటోడు కాదు. కొసరు లేకుంటే అశుభం మాసా!"

పులిహోర మూట తెచ్చిన జ్ఞానప్రసూన అక్కడే నిలబడిపోయింది. "ఎక్కువైతే పొంగదాండి? ఎంతైనా నా వడ్డాణం అది."

"పొంగెటివి పాలు. నాకే నూనె సంగతి చెప్తవా?"

నూనెలో పుట్టి నూనెలో పెరిగినవాడికి ఎవరు చెప్పగలరు? సోలెడు కొసరు పోసి, బిరడా బిగించి, దండం పెట్టుకుని, జీపును వాగు దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ఆ చుట్టుతో నూనె వేడెక్కింది, వేడెక్కి పొంగింది. పైన చోటు లేక ఇరుసు గొట్టాల వెంట రెండు పక్కలకూ పారి, వెనక చక్రాల బ్రేకులకు శుభ్రంగా తలంటు పోసింది. ముందు చక్రాల బ్రేకులు యుద్ధంలోనే వీరస్వర్గం చేరుకున్నాయి. చేతి బ్రేకును వేలంలోనే ఎవరో పుణ్యాత్ముడు ఊడదీసుకుపోయాడు. ఇక బండి ఆగమంటే ఆగుతుంది గాని, ఆగమన్నచోట ఆగదు.

తాసీల్దారు కచేరీ గేటు ముందు టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జీపు ఆయనను దాటి, పక్కనే ఉన్న నరసింహులు అరుగు ముందు ఆగింది. వెనకాలే తాసీల్దారు బురదలో నడిచి వస్తుంటే, ఠేకా తనకే ఖాయం చేయడానికి వస్తున్నాడనుకుని నరసింహులు గబగబా మంచం వాల్చాడు.

"ఈ యేడు గూడ మా బండ్లే గద సాయెబు! కూసోండి!"

తాసీల్దారు ఆయన వైపు చూడనైనా చూడలేదు. "ఏ క్యా హై, సేఠ్? నేను కనబడలేదా?"

"గేటు కాడ బురద, సాయెబు. మీకోసమే పొడినేల చూసి ఆపిన," అన్నాడు శ్రీరంగం తడుముకోకుండా. ఆ బురద అప్పటికే తాసీల్దారు బూట్లకు చేరింది.

ఊరు దాటాక ఒక పల్లంలో బ్రేకు పెడలు తొక్కి చూశాడు శ్రీరంగం. బండి జోరు తగ్గలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళ ముందు వడ్డాణం మెరిసి మాయమైంది. కాని భయాన్ని ముఖం మీదికి రానిచ్చే మనిషి కాదాయన. మీసం సర్దుకుని, గేరు తగ్గించి, ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లో తాసీల్దారు ఊళ్ళ మీద తిరిగే దౌరా అంటే జనానికి జ్వరమే. ఆయన ఆగిన ప్రతి ఊరూ కోడీ, బియ్యమూ, నెయ్యీ ఊరికే ఇవ్వాలి. సామాను మోయడానికి మనుషులను వెట్టికి పంపాలి. ఆ ధీమాతోనే తాసీల్దారు ఇంట్లో ఏమీ తినకుండా బయల్దేరాడు. మొదటి ఊరు మాసాది. పొలిమేరలో మాసా బావ అయిన పటేలు హిడ్మా కాళ్ళు కట్టిన కోళ్ళను చేతికి వేలాడదీసుకుని ఏడుపు ముఖంతో నిలబడి ఉన్నాడు. పక్కన డోలు వాళ్ళు.

"రోకో సేఠ్, ఆపు! కోళ్ళు వచ్చినయ్!" అన్నాడు తాసీల్దారు.

శ్రీరంగం పెడలు నేలకంటా తొక్కాడు. పెడలు కిందికి పోయింది, బండి ముందుకు పోయింది. తాసీల్దారు లేచి నిలబడి, కోళ్ళ వైపు తిరిగి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ "రోకో, రోకో" అని గొంతు చించుకున్నాడు. ఇంజను మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు. హిడ్మా నోరు తెరుచుకుని చూశాడు. మరుక్షణం వెనక డోలు మోగింది, ఊరంతా కేకలు వేస్తూ బండి వెంట పరుగెత్తింది.

తాసీల్దారు ముఖం పాలిపోయింది. "ఏంది సేఠ్? తరుముతున్నరా?"

"అందుకే ఆపలేదు సాయెబు. వాళ్ళ వాలకం నేను ముందే కనిపెట్టిన," అన్నాడు శ్రీరంగం.

ఇక తర్వాతి ఊళ్ళో కూడా కోళ్ళతో జనం కనబడితే "ఆపొద్దు, తోలు!" అన్నవాడు తాసీల్దారే. ఆ ఒక్క ఆజ్ఞనూ జీపు అక్షరాలా పాటించింది. నడిదారిలో ఆకలికి తాళలేక ఆయన జ్ఞానప్రసూన కట్టిన మూట విప్పి పులిహోర తిన్నాడు.

మద్దేడ్ సంతలో జీపు పెద్ద దొర డేరా దాటి, ఒక చింతపండు కుప్పలోకి దూరి ఆగింది. తాసీల్దారు నిలువెల్లా చింతపండుతో లేచాడు.

"ఠేకా లేదు, గీకా లేదు! నరసింహులు ఎడ్లే నయం. ఆగమంటే ఆగుతయ్!"

శ్రీరంగం చింతపండులో కూరుకున్న చక్రాల వైపు చూశాడు. ఇంటికి వెళ్ళి జ్ఞానప్రసూనకు ఏం చెప్పాలి? ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. నలుగురు పట్టి జీపును కుప్పలోంచి లాగాక, తాసీల్దారు బట్టలు దులుపుకుని, ఊళ్ళు తిరగబడ్డాయని పెద్ద దొరకు చెప్పబోతుండగా డోలు మోత దగ్గరపడింది. ముందు హిడ్మా, వెనక రెండూళ్ళ జనం. హిడ్మా వచ్చి తాసీల్దారు కాళ్ళకు దండం పెట్టి, పెద్ద దొర వైపు తిరిగాడు.

"మా తాతల కాడి నుంచి సాయెబులు వస్తనే ఉన్నరు దొరా, మా కోళ్ళు తింటనే ఉన్నరు. ఈ సాయెబు కోళ్ళను చూసి రెండు చేతులూపి వద్దన్నడు. బండి గూడ ఆపలే! దండం పెడదమని అడ్డదారిల ఉరికొచ్చినం."

పెద్ద దొర కుర్చీలోంచి లేచాడు. "షాబాష్ తాసీల్దార్ సాహెబ్! ఇది మీ ఆలోచనేనా?"

తాసీల్దారు జనాన్ని చూశాడు, దొరను చూశాడు. హిడ్మా చేతిలో ఇంకా కొక్కొరొకోమంటున్న కోడిని చూశాడు. "జీ హుజూర్," అన్నాడు నీరసంగా.

"అయితే ఇకమీదట మీ దౌరాలన్నీ ఈ జీపులోనే చెయ్యండి."

అలా ఠేకా శ్రీరంగం ఒళ్ళో పడింది. పెద్ద దొర మోటారు మిస్త్రీ జీపు కిందికి దూరి, కొసరు నూనె తీసేసి, బ్రేకులు కడిగి, "అంచు దాకా, అంతే!" అని వేలు చూపించి మరీ చెప్పాడు. ఇకనుంచి అలాగేనని శ్రీరంగం ఒట్టు పెట్టుకున్నాడు.

మళ్ళీ దౌరా రోజున శ్రీరంగం బుద్ధిగా బిరడా విప్పి చూడబోయాడు. నూనె బుడబుడా పొంగి ఆయన పంచె మీద పడింది. మాసా మోచేతుల దాకా నూనెతో కొండల వైపు చూస్తున్నాడు.

"ఏంది మాసా ఇది? ఎవరు పోసిండ్రు?"

"నాకేం ఎరుక సావుకారి?" అన్నాడు మాసా. "కొసరు లేకుంటే అశుభమంటివి గద."

శ్రీరంగం ఆ మోచేతులను చూశాడు, మాసా ఊరి కోళ్ళు గుర్తొచ్చాయి. తర్వాత బిరడా గట్టిగా బిగించి, లోపలికి కేకేసి, జ్ఞానప్రసూనను మూట కాస్త పెద్దది కట్టమన్నాడు.

ఆ రోజు కూడా తాసీల్దారుగారు పులిహోరే తిన్నారు.