బయటి తప్పులూ లోపలి తప్పులూ

“ప్రపంచంలో ఎక్కడైనా ఉద్యోగికి అన్యాయం జరగవచ్చు గాక, మన ఫ్యాక్టరీలో మాత్రం జరగదు. ఎందుకంటే మనది ఫ్యాక్టరీ కాదు, కుటుంబం!”

ప్రతి సోమవారం ఉదయం జెండా ఎగరేశాక పక్ దర్మాజి ఈ మహావాక్యాన్ని మైకులో ప్రకటించేవాడు. మా ఉంగారన్ ఊరి చొక్కాల ఫ్యాక్టరీలో ఉద్యోగుల సంక్షేమం, హక్కులు, ఫిర్యాదుల విభాగానికి ఆయనే అధిపతి. మా జావాలో పెద్ద ఉద్యోగిని పక్ అంటాం, అంటే తండ్రి. పెద్ద ఉద్యోగం చేసే ఆడమనిషిని ఇబు అంటాం, అంటే తల్లి. ఇంతమంది తల్లిదండ్రులు ఉన్నచోట పిల్లలకు హక్కులెందుకు చెప్పండి! హక్కులడిగే పిల్లల్ని ఏ ఇంట్లోనైనా ఏమంటారో మీకు తెలియనిది కాదు.

దర్మాజి మంచివాడు. ఈ మాట దర్మాజే చెప్పేవాడు. ఆయన హయాంలో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు. ఎలా అవుతుంది? ఫిర్యాదుతో వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి, చక్కెర దండిగా వేసిన మల్లెపూల టీ ఇచ్చి, “మీ అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? పెద్దాడు బడికి సరిగ్గా పోతున్నాడా?” అని ఆప్యాయంగా అడిగేవాడు. అంత ఆప్యాయత చూశాక ఓవర్‌టైం సంగతి ఎత్తడానికి ఎవరికి నోరొస్తుంది? మేం జావావాళ్ళం. మొహమ్మీద కాదనడం మా రక్తంలోనే లేదు. ఎవడైనా మా కాలు తొక్కితే, “అయ్యో, మీ పాదానికేం కాలేదు కదా!” అని వాణ్ణే అడుగుతాం. ఈ సుగుణం మీదే దర్మాజి ఉద్యోగం నిలబడి ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. రాత్రి పూట భార్య “ఇవాళ ఆఫీసులో ఏం చేశారు?” అని అడిగితే, “టీ తాగాను” అని నిజమే చెప్పేవాడు.

అలాంటి ఆఫీసుకి ఒకరోజు యాత్మి వచ్చింది. కుట్టుమిషన్ల వరసల్లో ఒకదానికి ఆమె నాయకురాలు. కడుపుతో ఉంది. టీ తాగింది, అమ్మ మోకాలి గురించి చెప్పింది, పెద్దపిల్ల చదువు గురించి చెప్పింది. కప్పు కింద పెట్టి, “టీ బాగుంది పక్. ఇప్పుడు విషయానికి వస్తాను” అంది.

దర్మాజి ఉలిక్కిపడ్డాడు. ఆయన అనుభవంలో విషయం దాకా వచ్చినవాళ్ళు లేరు!

“కడుపుతో ఉన్నవాళ్ళకి స్టూళ్ళు ఇప్పించండి పక్. నిన్న చొక్కాలు తనిఖీ చేసే బల్ల దగ్గర ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది.”

“స్టూలిస్తే కునుకు పడుతుందమ్మా. కునుకులో పడిపోతే? మీ మంచికే చెప్తున్నా.”

“ఇంకోటి పక్. కడుపని తెలిస్తే కాంట్రాక్టు పొడిగించరని అందరూ దాచుకుంటున్నారు. పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుని పనిలోకొస్తున్నారు. బిడ్డకేమన్నా అయితే ఎవరిది పాపం?”

“పొడిగించకపోవడమంటే తీసేయడం కాదు కదమ్మా! ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోమని పంపుతున్నాం. ఏ తండ్రైనా అంతకంటే ఏం చేస్తాడు?”

యాత్మి “సరే పక్” అని లేచి వెళ్ళింది. దర్మాజి సంతృప్తిగా ఇంకో కప్పు టీ పోసుకున్నాడు. ఆమె ఆ ‘సరే’ చెప్పి తిన్నగా టౌన్లో ఉన్న కార్మిక శాఖ ఆఫీసుకి పోయి అర్జీ పెట్టిందని ఆయనకు వారం దాకా తెలియలేదు.

తెలిశాక డైరెక్టర్ పక్ గుణార్సో ఆయన్ని పిలిపించాడు. “కుటుంబ విషయాలు బజారుకెక్కడం నాకిష్టం లేదు దర్మాజీ. ఆ అమ్మాయి మీద నాకు కోపమేం లేదు. కుట్టు విభాగంలో గాలి ఎక్కువైనట్టుంది, అంతే.”

కుట్టు విభాగంలో ఫ్యాన్లుంటాయి. ఇస్త్రీ విభాగంలో ఉండవు. అక్కడ ఆవిరి కక్కే ఇస్త్రీ పెట్టెల మధ్య పొద్దస్తమానం నిలబడాలి. డైరెక్టర్ ఏమీ చెప్పకుండానే దర్మాజికి అంతా అర్థమైంది. చెప్పకుండా అర్థం చేసుకునేవాణ్ణే మా దగ్గర అధికారిని చేస్తారు.

“ఇది శిక్ష కాదమ్మా, అవకాశం!” అన్నాడు యాత్మిని పిలిచి. “అన్ని విభాగాల్లోనూ నీ అనుభవం విస్తరించాలని డైరెక్టర్ గారి కోరిక.”

“నాకు ఏడో నెల పక్. నేనే విస్తరిస్తున్నాను” అంది యాత్మి.

ఆమె కాంట్రాక్టు రంజాన్ ఉపవాసాల తర్వాత వచ్చే లెబారన్ పండుగ అయిన నెలకి ముగుస్తుంది. పొడిగించకపోతే కాన్పుకి సెలవూ ఉండదు, కన్నాక ఉద్యోగమూ ఉండదు. ఇటు దర్మాజికి కూడా ఒక ఆశ ఉంది. ఈ గొడవ మచ్చ లేకుండా సద్దుమణిగితే జనరల్ మేనేజర్ కుర్చీ ఆయనదేనని డైరెక్టర్ మాటిచ్చాడు. కార్మిక శాఖవాళ్ళు పండుగ తర్వాత ఇరుపక్షాల్నీ రమ్మన్నారు. వివక్ష చూపించారా, అర్జీ పెట్టినందుకు కక్ష సాధించారా, ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పాలి. ఉపవాసాల నెలంతా దర్మాజి జవాబు కోసం వెతికాడు. ఆకలికి అలవాటు పడ్డాడు గానీ జవాబు మాత్రం దొరకలేదు.

పండుగ వెళ్ళి ఫ్యాక్టరీ తెరిచిన రోజున హలాల్ బిహలాల్ జరిగింది. అదేంటో మాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరం వరసగా నిలబడి, ఒక్కొక్కరి చేతులూ వేళ్ళ కొసలతో తాకి, ఆ చేతులు గుండెకు ఆనించుకుని, “బయటి తప్పులూ లోపలి తప్పులూ మన్నించండి” అనుకుంటాం. ఎదుటివాడు “నావీ మన్నించండి” అంటాడు. డైరెక్టర్ దగ్గర మొదలయ్యే ఆ వరస గేటు దగ్గర కాపలావాడి దాకా పాకుతుంది. సంవత్సరమంతా చేసిన పాపాలు మధ్యాహ్నం భోజనం లోపు కడిగేసుకుని, కొబ్బరిపాల కోడికూర మీద పడతాం. మళ్ళీ పాపాలు చెయ్యాలంటే ఒంట్లో బలం ఉండాలి కదా!

దర్మాజి డైరెక్టర్ పక్కనే నిలబడ్డాడు. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళ చెయ్యి తాకుతూ, “నావీ, నావీ” అంటూ, కళ్ళు మాత్రం వంటవాళ్ళ వైపు పెట్టాడు. యాత్మి వచ్చింది. పొట్ట అడ్డం వస్తున్నా నడుం వంచి డైరెక్టర్ చేతులు తాకింది. “బయటి తప్పులూ లోపలి తప్పులూ మన్నించండి పక్” అంది. తర్వాత దర్మాజి దగ్గరికొచ్చి అదే మాట అంది. “నావీ, నావీ” అన్నాడు దర్మాజి. ఆ క్షణంలోనే ఆయన బుర్రలో దీపం వెలిగింది.

భోజనాలయ్యాక డైరెక్టర్ గదిలోకి పరిగెత్తాడు. “పక్! ఆ అమ్మాయి తప్పు ఒప్పేసుకుంది!”

“ఎప్పుడు?”

“ఇందాకే! ఫ్యాక్టరీ అంతా చూస్తుండగా! బయటి తప్పంటే అర్జీ పెట్టడం. లోపలి తప్పంటే దుర్బుద్ధి. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కావాలంటే చూడండి, ఫొటోగ్రాఫర్ వీడియో కూడా తీశాడు!”

డైరెక్టర్ కుర్చీలోంచి లేచి దర్మాజిని కౌగిలించుకున్నాడు. ఆ రోజు సాయంత్రం దర్మాజి ఇంటికి వెళ్తూ జనరల్ మేనేజర్ గది కిటికీకి ఏ రంగు తెర బాగుంటుందా అని ఆలోచించాడు.

కార్మిక శాఖ మధ్యవర్తి ఇబు సులాసి. ఆవిడ గదిలో ఒక బల్లకి అటు డైరెక్టరూ దర్మాజీ, ఇటు యాత్మీ కూర్చున్నారు. దర్మాజి గొంతు సవరించుకుని, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి, ఫోనులో వీడియో చూపించాడు. యాత్మి నడుం వంచడం, చేతులు తాకడం, మాట అనడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

“తన తప్పు తానే ఒప్పుకుంది ఇబు. బయటి తప్పంటే అర్జీ పెట్టడం, లోపలి తప్పంటే దుర్బుద్ధి. మేం పెద్దమనసుతో మన్నించేశాం. ఇంక వివాదం ఎక్కడుంది?”

“ఆపకండి. ఇంకా ఉన్నట్టుంది” అంది ఇబు సులాసి.

ఇంకా ఉంది. డైరెక్టర్ గారికి మైకంటే ప్రాణం. ఆ రోజు కూడా కాలర్‌కి ఒకటి తగిలించుకున్నారు. “నావీ మన్నించమ్మా, నా బయటి తప్పులూ లోపలి తప్పులూ అన్నీ మన్నించు!” అన్న ఆయన గొంతు ఆ గదంతా మోగింది.

“మీ లెక్కన బయటి తప్పంటే ఇస్త్రీ విభాగానికి పంపడం. లోపలి తప్పంటే కక్ష. డైరెక్టర్ గారు కూడా ఒప్పుకున్నట్టేనా?” అని ఆవిడ చల్లగా అడిగింది.

వీడియో ఇంకా నడుస్తోంది. యాత్మి వెనక వచ్చిన ప్రతి మనిషి దగ్గరా డైరెక్టర్ అదే మాట ఒప్పుకుంటున్నాడు. పక్కన దర్మాజి కూడా కోడికూర వైపు చూస్తూ ఒప్పుకుంటున్నాడు. ఫ్యాక్టరీ మొత్తానికీ చేసిన అన్యాయాలన్నిటినీ ఇద్దరూ చిరునవ్వుతో నెత్తిన వేసుకుంటున్నారు!

“అబ్బే, అది ఊరికే అనే మాట ఇబు!” అని అరిచాడు దర్మాజి. “పండుగ కదా, అంటాం. ఎవరైనా నిజంగా అంటారా? డైరెక్టర్ గారి మనసులో అలాంటి ఉద్దేశమే లేదు!”

“క్షమాపణ ఉద్దేశమే లేదా?”

“అస్సలు లేదు! ప్రమాణం చేసి చెప్తాను!”

డైరెక్టర్ మెల్లగా తల తిప్పి దర్మాజి వైపు చూశాడు.

“అయితే ఈమె అన్నది కూడా ఊరికే అన్న మాటే కదా?” అంది ఇబు సులాసి.

“లేదు ఇబు, నేను నిజంగానే అన్నాను.” యాత్మి అప్పుడు నోరు విప్పింది. “ఉపవాసాల నెలంతా ఆ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి వీళ్ళిద్దర్నీ తిట్టుకున్నాను. నోటితో తిడితే ఉపవాసం చెడుతుందని మనసులోనే తిట్టుకున్నాను. అది లోపలి తప్పు. పక్ దర్మాజిని ఒక్కసారి మాత్రం నోటితోనే అనేశాను. అది బయటి తప్పు.”

“ఏమన్నావమ్మా?” అన్నాడు దర్మాజి, ఉండబట్టలేక.

“ఇక్కడ చెప్తే బాగుండదు పక్. అయినా మన్నించమని అడిగేశాను కదా. మీరు కూడా ‘నావీ’ అన్నారు. మీరు నిజంగానే అన్నారనుకున్నాను.”

దర్మాజి తల దించుకున్నాడు. ఆ వరసలో అన్ని వందలమంది మాట అప్పజెప్పి తిండికి పోయారు. ఆ మాటను మనసులో పెట్టుకుని అన్నది ఈ ఒక్క మనిషి. దాన్నే పట్టుకొచ్చి ఆమె మీద సాక్ష్యంగా పెట్టాడు తను. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. మన్నించమ్మా అందామనుకున్నాడు. ఆ గదిలో ఆ మాటకి అప్పటికే ఏమీ విలువ లేకుండా చేసింది తనేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మధ్యవర్తి సలహా మాత్రమే ఇవ్వగలదు, తీర్పు ఇవ్వలేదు. కానీ ఆ వీడియో ఫ్యాక్టరీలో అందరి ఫోన్లలోనూ ఉంది, చొక్కాలు కొనే విదేశీ కంపెనీల తనిఖీవాళ్ళు వచ్చే వారమే వస్తున్నారు. అందుకని డైరెక్టర్ గారికి సలహా వెంటనే నచ్చింది. యాత్మి మళ్ళీ తన వరసకి వెళ్ళాలి, కాంట్రాక్టు పొడిగించాలి, కాన్పు సెలవు ఇవ్వాలి, కడుపుతో ఉన్నవాళ్ళందరికీ స్టూళ్ళు వెయ్యాలి. అన్నిటికీ డైరెక్టర్ చిరునవ్వుతో తలూపాడు.

ఇద్దరూ కారులో తిరిగి బయల్దేరారు.

“దర్మాజీ, ప్రభుత్వాధికారి ముందు నా క్షమాపణ అబద్ధమన్నావు” అన్నాడు డైరెక్టర్ కిటికీ బయటికి చూస్తూ.

“మిమ్మల్ని కాపాడదామనే పక్!”

“తెలుసు, తెలుసు. నాకు నీ మీద కోపమేం లేదు. మనదంతా ఒకే కుటుంబం.”

ఆ వాక్యం తర్వాత ఏమొస్తుందో దర్మాజి కంటే బాగా తెలిసినవాళ్ళు ఉంగారన్‌లో లేరు.

“ఇస్త్రీ విభాగంలో ఒక సమర్థుడి అవసరం కనిపిస్తోంది. నీ అనుభవం కూడా కొంచెం విస్తరించాలి.”

సోమవారం జెండా ఎగరేశాక మైకులో కుటుంబం గురించి ఇంకెవరో ప్రకటించారు. దర్మాజి అప్పటికే ఇస్త్రీ గదిలో ఆవిరి మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన సమర్థత కోసం కేటాయించిన పని, ఇస్త్రీ అయిన చొక్కాల కాలర్లు తిన్నగా ఉన్నాయో లేదో చూడటం. స్టూళ్ళొచ్చాయి గానీ అవి కడుపుతో ఉన్నవాళ్ళకి. ఈ విషయంలో దర్మాజికి అర్హత లేదు. పదిగంటలకే ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, మోకాళ్ళు పట్టేశాయి. ఇక్కడ ఏడో నెలలో ఒక మనిషిని నిలబెట్టానే అని ఆ పూట చాలాసార్లు అనుకున్నాడు.

మధ్యాహ్నం యాత్మి కుట్లు సరిచెయ్యడానికి తన వరసకి తిరిగి రావలసిన చొక్కాల కోసం ఆ గదిలోకి వచ్చింది. దర్మాజిని చూసి ఆగింది. చేతిలో ఉన్న నీళ్ళ సీసా అందించింది. ఆయన గటగటా తాగేశాడు.

“ఇది అన్యాయం పక్” అంది గట్టిగా. “మీరు చేసిన తప్పేదో మీరు చేశారు. కానీ ఒక మాట అన్నందుకు తీసుకొచ్చి ఇక్కడ పడేయడం కక్ష సాధింపే. ఊరుకోకండి. వెళ్ళి మన హక్కుల విభాగంలో ఫిర్యాదు చెయ్యండి.”

“ఆ విభాగంలోనా!” దర్మాజికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న చొక్కా బల్ల మీద విసిరికొట్టాడు. “అక్కడ మన మాట వినేదెవరమ్మా! ఆ కుర్చీలో కూర్చున్నవాడెవడైనా డైరెక్టర్ మనిషే కదా! వాడికి మన కష్టం పడుతుందా?”

గదిలో ఇస్త్రీ పెట్టెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ తలలెత్తి ఆయన్నే చూశారు. ముందు ఎవరో మూల నుంచి కిసుక్కుమన్నారు, తర్వాత గదంతా పగలబడి నవ్వింది. యాత్మి పొట్ట పట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక దర్మాజి కాసేపు అందరి మొహాలూ చూశాడు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్నది తనేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.